ఏనుగు కాళ్ళ కింద జాగా

ఫాంగ్ చీషెంగ్ నాకు చేసిందాన్ని మర్చిపొమ్మని ఎవరూ చెప్పొద్దు. మా ఆవిడ చెప్పింది, గుడి కమిటీవాళ్ళు చెప్పారు, ఆఖరికి టైరులో గాలి పట్టించుకోడానికొచ్చిన వాడు కూడా చెప్పి పోయాడు. మర్చిపోడానికి అదేమైనా గొడుగా? ఆ ఫాంగ్ మాస్టారు ఇప్పటికీ ఎదురుపడితే బండి ఆపి మరీ, "ఖిమ్ అన్నా, తిన్నావా?" అని పలకరిస్తాడు. తిన్నాను మాస్టారూ. నాది మీరు తిన్నారు, మీరు వదిలేసింది నేను తిన్నాను. ఈ మాట పైకి అనను. తల ఊపుతాను. అదే నా ఖర్మ.

మాది తైవాన్ పడమటి తీరంలో ఆల్చిప్పల ఊరు. వీధి పొడుగునా చిప్పల గుట్టలు, వాటిమీద ఎప్పుడూ గాలి. ఊరి బడి ఆటస్థలానికి రోడ్డువైపు మూల ఒక ఏనుగు ఉండేది. మొజాయిక్ ఏనుగు. తోకవైపు మెట్లెక్కి తొండం మీంచి జారాలి. దాన్ని చేసింది మా నాన్న. ఆయన మొజాయిక్ మేస్త్రి. అప్పటి హెడ్మాస్టరు వచ్చి "పిల్లలకి ఆడుకోడానికి జాగా చాలటం లేదు" అంటే, బడి గోడ పక్కన ఉన్న మా మూల ముక్క చూపించి "కలుపుకోండి" అన్నాడు. జాగా ఇవ్వడమే కాదు, చలవరాతి ముక్కలు సొంతంగా మోసుకొచ్చి ఆ ఏనుగుని పోసి, చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాడు. రిజిస్ట్రీ లేదు, సంతకం లేదు. ఏనుగు పొట్ట కింద ఇచ్చినవాడి పేరు చెక్కారు. ఆ రోజుల్లో అదే రిజిస్ట్రీ.

మా జాగా బళ్ళోకి వెళ్ళింది, నేను బళ్ళోంచి బయటికొచ్చాను. ఆరో తరగతి అవగానే స్కూటర్లు బాగుచేసే షెడ్డులో పెట్టారు నన్ను. అక్కడే ముసలివాణ్ణయ్యాను.

ఆ షెడ్డు సరిగ్గా ఏనుగుకి ఎదురుగా, రోడ్డుకి ఇటువైపు. అద్దెది. నాన్న పోయాక పెట్టెలో చూస్తే ఆ మూల ముక్క ఇంకా మా పేరునే ఉంది. షెడ్డు యజమాని కొడుకు బబుల్ టీ కొట్టు పెట్టుకుంటానని, ఖాళీ చెయ్యమని నన్ను పోరు పెట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు ఆ మూల మీదే ధ్యాస. రోడ్డుపక్క జాగా. మీద రేకులు వేసుకుంటే చాలు, సొంత షెడ్డు. మా ఆవిడ సియోక్‌హున్ కొలతలు చూసి, "పింగ్ అంటే రెండు చాపలు పరిచినంత కదా. మనిద్దరం పడుకోడానికి ఒక పింగ్ చాలు, మిగతా అంతా నీ టైర్లకి ఇచ్చేశాను పో" అని నవ్వేది. తనక్కూడా ఆశే.

బళ్ళో సుద్దముక్క దగ్గర్నుంచి కుళాయి దాకా చూసుకునేది ఫాంగ్ మాస్టారు. ఏళ్ళ తరబడి ఆయన్నే అడిగాను. ఎప్పుడూ ఒకటే పాట.

"అన్నా, మీ నాన్నగారు పిల్లలకిచ్చారు. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగితే పైనున్న ఆయన మనసు నొచ్చుకోదూ?"

"కాగితం నా పేరున ఉంది మాస్టారూ."

"కాగితం నీ పేరున, ఏనుగు పిల్లల పేరున. ఏనుగుని చంకనెత్తుకుని పో, కింద జాగా నీదే!"

స్టాఫ్ రూములో అందరూ నవ్వేవారు. ఆటల మాస్టారైతే బల్ల చరిచి నవ్వేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి, ఏం చెయ్యను, వాళ్ళ స్కూటర్లన్నీ నా దగ్గరికే రావాలి.

ఇంతలో ఆటవస్తువులన్నీ పరీక్ష చేసి ముద్ర వెయ్యాలని కొత్త రూలొచ్చింది. తైపే నుంచి వచ్చినవాళ్ళు ఏనుగు చుట్టూ తిరిగి, టేపు పెట్టి కొలిచి, మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు, తొండం మరీ నిలువు, ఇది పనికిరాదు అని తేల్చారు. కొట్టెయ్యాలంటే హెడ్మాస్టరు సంతకం పెట్టాలి. ఊళ్ళో సగంమంది ఆ తొండం మీద జారి పెద్దవాళ్ళయినవాళ్ళే, కొట్టేస్తే తిడతారు. ఉంచితే పైవాళ్ళు తిడతారు. అందుకని ఫాంగ్ మాస్టారు ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు తెచ్చి ఏనుగు కాళ్ళకి చుట్టి, మెట్లకి అడ్డంగా రెండు వరసలు లాగి ముడేశాడు. నేను రోడ్డు దాటి వెళ్ళాను.

"ఏంటి మాస్టారూ, ఏనుగు పారిపోతుందనా?"

"పిల్లలు ఎక్కకుండా అన్నా."

"ఇన్నాళ్ళూ దాని మొహం చూడనివాడు కూడా ఇప్పుడు ఎందుకు కట్టేశారా అని చూడ్డానికొస్తాడు. కట్టేసిన కుక్కనే కదా పిల్లలు గెలికేది?"

"నువ్వు స్కూటర్ల సంగతి చూసుకో, నేను పిల్లల సంగతి చూసుకుంటాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మనిషి ఏదన్నా మర్యాదగానే అంటాడు.

తాడు వదులుగా ఉండేది. గాలికి టపటపా కొట్టుకునేది. నాకు పనిలో చెయ్యి ఆడేది కాదు, ఆ చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. ఇంకో తాడు తెచ్చి బిగిద్దామా అనుకున్నాను కూడా. నాకెందుకు, నాది కాదన్నారుగా.

ఆ రోజు ఇంటర్వెల్‌లో పిల్లల గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. బడి దగ్గర బతికేవాడికి ఆ ఆగడం అంటే ఏంటో తెలుసు. చేతిలో స్పానర్‌తోనే పరిగెత్తాను.

బాన్ పెద్దమ్మ మనవరాలు, సీనింగ్, మూడో తరగతి. పై మెట్టుమీంచి తొండంలోకి దూకబోయింది, కాలికి తాడు తగులుకుంది, పక్కకి పడి రాతి అంచుకి మోచెయ్యి కొట్టుకుంది. చెయ్యి వంగకూడనివైపు వంగి ఉంది. పిల్ల ఏడవటం లేదు, నావంక చూస్తోంది, అంతే. చీలమండకి తాడు మెలిపడి తలకిందులుగా లాగుతోంది. జేబులో ట్యూబులు కోసే కత్తి ఉంది. తాడు కోసి అవతల పారేసి, పిల్లని ఎత్తి నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. ఆ పారేసిన తాడు మళ్ళీ నాకు కనపడలేదు. సాయంత్రానికి ఏనుగు కాళ్ళ దగ్గర ఒక్క పోగు కూడా లేదు.

అంబులెన్సు వెళ్ళిపోయాక గేటు దగ్గర అందరం నిలబడిపోయాం. హెడ్మాస్టరు, ఆటల మాస్టారు, భోజనం క్యారియర్లు తెచ్చిన ఆరేడుగురు తల్లులు. ఫాంగ్ మాస్టారు నా పక్కకొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఖిమ్ అన్నా, ఈ ఏనుగున్న జాగా నీదే కదూ?"

ఎన్నేళ్ళు తిరిగాను ఆ ఒక్క మాట కోసం! ఎందుకడుగుతున్నాడు, ఇప్పుడెందుకడుగుతున్నాడు, ఏమీ తోచలేదు. నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది.

"నాదే! ఇన్నాళ్ళబట్టీ నేను మొత్తుకుంటున్నదేంటి మరి? మా నాన్న పేరు పొట్ట కింద చెక్కి ఉంది, కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. నాదే మాస్టారూ, నాదే!"

"సరే. ఇంతమంది విన్నారు" అన్నాడు.

హెడ్మాస్టరు ఊపిరి వదిలాడు. అప్పుడు నాకది జాలి అనిపించింది.

సాయంత్రం ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటుంటే సియోక్‌హున్ వెనకనుంచి, "పాపం పిల్ల చెయ్యి విరిగితే నువ్వు ఈల వేస్తున్నావేంటి?" అంది. ఈల వేస్తున్నట్టు నాకు తెలీదు. జరిగింది చెప్పాను. తను అన్నం గరిటె గిన్నెలో వదిలేసి నావైపు తిరిగింది.

"నెత్తురు పడ్డ రోజున తెచ్చి చేతిలో పెట్టిన జాగాని ఎవరైనా పుచ్చుకుంటారా?"

ఆ మాటతో నాకు ఈల ఆగిపోయింది. సగం తిన్నాను. లేచి వాకిట్లోకెళ్ళాను, మళ్ళీ లోపలికొచ్చాను. మళ్ళీ వాకిట్లోకి. "కూర్చుంటావా, కట్టెయ్యమంటావా?" అంది.

మర్నాడు ఫాంగ్ మాస్టారు షెడ్డుకొచ్చాడు. బండి బాగానే ఉంది, ఊరికే వచ్చాడు.

"పిల్లకి ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చారు. చూడ్డానికెళ్ళాలి కదన్నా?"

"మీరు వెళ్ళరా?"

"మేం వెళ్తే ఆఫీసు వచ్చినట్టుంటుంది. నువ్వు ఇరుగుపొరుగువాడివి. మీ అమ్మా, ఆ ముసలమ్మా ఒకే బల్ల దగ్గర ఆల్చిప్పలు ఒలిచినవాళ్ళు. పంది కాళ్ళు వేసి సేమ్యా కాచి పట్టుకెళ్ళు, పిల్లకి చెడు వదిలిపోతుంది. మా తరఫున మేమూ తెస్తాంలే."

మావైపు గండం గడిచినవాళ్ళకి పంది కాళ్ళ సేమ్యా పెడతారు. సొంతవాళ్ళు వండి పెడితే అది దిష్టి తీయడం. బయటివాడు పట్టుకొచ్చాడంటే మాత్రం, ఆ గండం తెచ్చిపెట్టింది వాడే అని లెక్క. స్కూటరుతో గుద్దినవాడు తెస్తాడు, కుక్క కరిస్తే కుక్క యజమాని తెస్తాడు. ఇది పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

"యాపిల్స్ పట్టుకెళ్ళు" అంది సియోక్‌హున్. "యాపిల్స్‌కి నోరుండదు. పంది కాళ్ళు పట్టుకెళ్ళావంటే ఊరంతా మైకు పెట్టి చెప్పినట్టే."

తను చెప్పింది నిజమే. నాక్కూడా తెలుసు. కానీ నాకు ఒకచోట నిలవబుద్ధి కావటం లేదు, ఏదో ఒకటి చెయ్యాలి. ఒళ్ళో పడుకుని ఏడవకుండా చూసిన ఆ చూపు పోవటం లేదు. బడివాళ్ళు కూడా తెస్తామన్నారు కదా, ఇద్దరం తెస్తే తప్పు చెరిసగం అవుతుందిలే అనుకున్నాను. గిన్నె బండికి కట్టుకుని వెళ్ళాను.

బాన్ పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చిప్పలు ఒలుస్తోంది. కత్తి ఆపకుండానే గిన్నె వంక చూసింది.

"నువ్వు తెచ్చావేంట్రా? బడివాళ్ళు కదా తేవాలి?"

"వాళ్ళూ తెస్తారు పెద్దమ్మా."

"తెస్తారులే, నా దినానికి. పెట్టక్కడ."

లోపల సీనింగ్ ఎడమచేత్తో బొమ్మలు వేసుకుంటోంది. కుడిచెయ్యి భుజందాకా కట్టు. "అంకుల్, మీరు కత్తి జేబులో పెట్టుకుంటారా ఎప్పుడూ? మా నాన్న తిడతాడు అలా పెట్టుకుంటే" అంది. నవ్వొచ్చింది.

వాళ్ళ నాన్న చెంగ్‌లియాంగ్ కావుహ్సుంగ్ రేవులో క్రేను నడుపుతాడు. ఆ సాయంత్రానికి దిగాడు. దిగుతూనే గిన్నె చూశాడట. మర్నాడు పొద్దున నేను షట్టరు సగం ఎత్తేసరికి దాని కింద నుంచి వంగి లోపలికొచ్చాడు.

"ఖిమ్ అన్నా, మా అమ్మ వండింది కాదు, మా ఆవిడ వండింది కాదు. పంది కాళ్ళు మా ఇంటికి నడిచొచ్చాయా?"

"నేనే తెచ్చాను తమ్ముడూ. పిల్లని చూడ్డానికి..."

"బడివాళ్ళు యాపిల్స్ తెచ్చారు. యాపిల్స్, ఒక కార్డు. వాళ్ళకి తెలుసు తప్పు వాళ్ళది కాదని. నువ్వు పంది కాళ్ళు తెచ్చావు. జాగా నాది, నాది, నాది అని గేటు దగ్గర మూడుసార్లు అరిచావట. తప్పు లేనివాడు పంది కాలు తెస్తాడా అన్నా? నువ్వే చెప్పు."

"తాడు కట్టింది ఫాంగ్ మాస్టారు!"

"ఏ తాడు?"

ఏ తాడు అంటే నేనేం చూపించను? వెళ్ళి చూశాను మళ్ళీ, ఏనుగు చుట్టూ రెండుసార్లు తిరిగాను, గడ్డిలో వెతికాను. పిల్లలు తరగతి కిటికీల్లోంచి చూసి నవ్వారు.

పంచాయతీ మండలాఫీసు మేడ మీద. అక్కడ రాజీ కుదిర్చే కమిటీకి పెద్ద ఖో తాత, గుడి ఉత్సవాలకీ ఆయనే పెద్ద. వెళ్ళీ వెళ్ళగానే టీ పోశాడు. "ఇక్కడ కోర్టు లేదు, టీ మాత్రమే ఉంది. చల్లారేలోపు తేల్చుకుందాం" అన్నాడు. అటు చెంగ్‌లియాంగ్, బాన్ పెద్దమ్మ, మధ్యలో సీనింగ్. ఇటు నేను, సియోక్‌హున్. బల్ల కొసన ఫాంగ్ మాస్టారు, ఇస్త్రీ చొక్కాతో. వెనక కమిటీవాళ్ళు, మాటలన్నీ రాసుకునే ఆఫీసు అమ్మాయి.

డాక్టరు ఇంకో ఆపరేషన్ కావాలన్నాడు, లేకపోతే మోచెయ్యి పూర్తిగా చాచలేదు అన్నాడని చెంగ్‌లియాంగ్ చెప్పాడు. గొంతు పెద్దది చెయ్యకుండా చెప్పాడు. "నాకు కొట్లాట వద్దు తాతా. ఎవరిదో తేల్చండి, వాళ్ళ దగ్గర తీసుకుంటాను. పిల్ల చెయ్యి బాగవ్వాలి నాకు, అంతే."

"బడిదైతే ప్రభుత్వం ఇస్తుంది" అన్నాడు ఫాంగ్ మాస్టారు. "అందులో మాకేం బాధ? కానీ జాగా బడిది కాదే. అన్న తన నోటితోనే చెప్పాడు, పదిమంది విన్నారు. ఆ పైన వాళ్ళింటికి ఏం పట్టుకెళ్ళాడో అది కూడా..."

"పట్టుకెళ్ళమన్నది మీరు!"

"పలకరించి రమ్మన్నాను అన్నా. మెనూ నేను చెప్తానా?"

ఎవరో నవ్వారు. ఖో తాత దగ్గి మళ్ళీ టీ పోశాడు. సీనింగ్ ఎడమచేత్తో కప్పు అందుకోబోయి కొంచెం ఒలికించింది, అవ్వ చేతిమీద చిన్నగా కొట్టింది. కప్పు కింద పెడుతూ పిల్ల అంది, "ఏనుగు వల్ల పడలేదు. తాడు తగిలి పడ్డాను. పసుపుపచ్చది. మాస్టారు కట్టింది."

నా ప్రాణం లేచొచ్చింది. ఖో తాతవంక చూశాను.

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు పిల్లలు మాట్లాడకూడదమ్మా" అన్నాడు ఖో తాత. "బిస్కెట్ తిను."

అంతే. ఆ మాట బిస్కెట్ కింద పోయింది. చెంగ్‌లియాంగ్ మాత్రం ఒక్క క్షణం ఫాంగ్ మాస్టారి వంక చూశాడు. కానీ ఆ పిల్ల ఇంకా మూడేళ్ళు ఆ బళ్ళోనే చదవాలి. చూపు దించుకున్నాడు.

అప్పుడు ఫాంగ్ మాస్టారు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. ఎంత మెత్తగా చెప్పాడంటే, బయటివాడు చూస్తే నాకేదో మేలు చేస్తున్నాడనుకుంటాడు.

"దారి లేకపోలేదు అన్నా. మీ నాన్నగారు ఆ జాగా బడికి ఇచ్చేశారని నువ్వు ఇక్కడ ఒప్పుకుంటే, అది మొదటినుంచీ బడిదే అవుతుంది. బడిదైతే పిల్ల చెయ్యి మా బాధ్యత. హెడ్మాస్టరు మాట ఇచ్చారు. కాదు, నాదే అంటావా, నీ ఇష్టం, నీ జాగాలో పడ్డ పిల్ల నీ బాధ్యత. నేనేం చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పు."

నాదే అంటే ఆసుపత్రి ఖర్చు కట్టాలి, కట్టాలంటే ఆ జాగానే అమ్మాలి, అదీ చాలకపోవచ్చు. బడిదే అంటే జాగా ఒక్కటే పోతుంది. ఎటు తిరిగినా అది పోతుంది. మధ్యలో ఆ పిల్ల బిస్కెట్ ఎడమచేత్తో విరవలేక పళ్ళతో లాగుతోంది. నేను తగువు పెట్టుకుంటే ఆపరేషన్ ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరికి తెలుసు.

సియోక్‌హున్ వంక చూశాను. తను నావంక చూడలేదు. "చెప్పెయ్" అంది, కప్పుతో మాట్లాడుతున్నట్టు.

"మా నాన్న బడికిచ్చాడు" అన్నాను.

"ఇంకాస్త గట్టిగా అన్నా. రాసుకునే అమ్మాయికి వినపడాలి."

"మా నాన్న ఆ జాగా బడికిచ్చేశాడు!"

"ఇంతమంది విన్నారు" అన్నాడు ఫాంగ్ మాస్టారు.

రాజీ కాగితం మీద నా పేరు ముద్ర వేశాను, మావైపు అదే సంతకం. ఖో తాత అందరికీ టీ పోసి, ఊరి మర్యాద నిలబెట్టావు అని నన్ను మెచ్చుకున్నాడు. చెంగ్‌లియాంగ్ మెట్ల మీద నా చెయ్యి గట్టిగా నొక్కి వెళ్ళిపోయాడు. బాన్ పెద్దమ్మ మర్నాడు నా గిన్నె తోమి తెచ్చిచ్చింది, నిండా ఒలిచిన ఆల్చిప్పలతో.

పిల్లకి రెండో ఆపరేషన్ అయింది. చెయ్యి దాదాపు చాస్తుంది ఇప్పుడు. అది అబద్ధం చెప్పను, బడి ఆ ఖర్చు కట్టింది.

ఆ రాజీ కాగితాలు కోర్టుకి వెళ్ళి ముద్ర పడ్డ వారంలోనే ఏనుగుని కొట్టేశారు. సుత్తులాడుతుంటే రోడ్డు దాటి వెళ్ళి, పొట్ట కింద మా నాన్న పేరున్న పలక ఒక్కటి ఇమ్మని అడిగాను. "అది కూడా బడిదే కదన్నా" అన్నాడు ఫాంగ్ మాస్టారు. "ఇస్తే రేపు నన్ను అడుగుతారు." లారీలో వేసుకుపోయారు. ఇప్పుడక్కడ నల్లగా తారు పోసి తెల్లగీతలు గీశారు. మాస్టార్ల కార్లు పెట్టుకుంటారు. నా షెడ్డు బబుల్ టీ కొట్టయింది. నేను చిప్పల గుట్ట వెనక సందులో, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట నిలబడే చోట, బళ్ళు బాగుచేస్తున్నాను.

మొన్నామధ్య పక్క టౌను లాయరొకాయన బండి పంక్చరై సందులోకి నెట్టుకొచ్చాడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ మొత్తం చెప్పాను. ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"జాగా ఎవరిదైతే ఏంటయ్యా? బడి వేళలో పిల్లల్ని చూసుకోవాల్సింది బడి. ఏనుగుని వాడుకుంది బడి, పనికిరాదని తెలిసీ ఉంచింది బడి, తాడు కట్టింది బడి. కాగితం నీ పేరున ఉన్నా వాళ్ళే కట్టాలి. నువ్వు ఇవ్వాల్సింది ఏమీ లేదు."

"మరి ఇప్పుడు?"

"ముద్ర వేశావు కదా. కోర్టు ఒప్పుకున్న రాజీ తీర్పుతో సమానం."

పంక్చరు వేశాను. గాలి నింపాను. డబ్బులివ్వబోతే వద్దన్నాను, ఎందుకన్నానో తెలీదు. ఆయన వెళ్ళాక నడుచుకుంటూ బడి గోడ దాకా పోయాను. ఏనుగు తొండం ఉన్న చోట ఫాంగ్ మాస్టారి కారు ఉంది. గేటు బయట నుంచే అడుగులతో కొలిచాను, కాపలావాడు "ఏంటి బాబాయ్, వాకింగా?" అన్నాడు. అవునన్నాను. కొలవక్కర్లేదు, కాగితం మీద లెక్క నాకు కంఠతా వచ్చు. నలభై ఒకటి పాయింట్ ఏడు పింగ్‌లు.